అవేరోన్ అడవి పిల్లవాడు – మన బడి

మేము టీటీసీ చదివిన రోజుల్లో విద్యా మనోవిజ్ఞాన శాస్త్రంలో అమల, కమల అనే ఇద్దరు ఆడపిల్లల కథ ఉండేది. 1920లో బెంగాల్‌లోని మిడ్నాపూర్ ప్రాంతంలో తోడేళ్ల గుహలో దొరికారని, చేతులూ మోకాళ్ల మీద నడిచేవారని, పచ్చిమాంసం తినేవారని చదివాం. అనువంశికత గొప్పదా, పరిసరాలు గొప్పవా అన్న ప్రశ్నకు ఆ కథ రాస్తే మార్కులు పడేవి. ఆ పాఠం చెప్పిన రోజు వెనక బెంచీ నుంచి ఎవరో "మన ఏజెన్సీ వాళ్లలాగే" అన్నారు. తరగతంతా నవ్వింది. అందులో ఉన్న నలుగురు ఆదివాసీ విద్యార్థులం తలలు దించుకొని రాసుకుంటూ ఉండిపోయాం.

ఆ నవ్వుకు జవాబు వెతుక్కోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. దొరికిన జవాబును తోటి ఉపాధ్యాయులతోనూ, చదువుకుంటున్న మన పిల్లలతోనూ పంచుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు ఆ కథ సంగతి. అమల, కమలల గురించి లోకానికి తెలిసినదంతా వారిని పెంచిన అనాథాశ్రమం నడిపిన పాస్టర్ చెప్పినదే. 1950లలో మన దేశపు మానవ శాస్త్రవేత్త నిర్మల్ కుమార్ బోస్, అమెరికా పండితుడు ఆగ్‌బర్న్ కలిసి ఆ ప్రాంతంలో విచారించారు. తోడేళ్లు పెంచాయనడానికి గట్టి సాక్ష్యం వారికి దొరకలేదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఇంకా గట్టిగా అనుమానించారు. అయినా మన పరీక్షల పుస్తకాల్లో అది నిజంలాగే నడుస్తోంది.

అడవిలో ఒంటరిగా పెరిగి, మనుషుల మధ్యకు వచ్చిన పిల్లల్లో గట్టి రాతపూర్వక ఆధారాలున్న బిడ్డ ఒకడున్నాడు. మన దేశం వాడు కాదు. ఫ్రాన్సు దేశం వాడు. అతనికి చదువు చెప్పిన మనిషే ఏం చేశాడో, ఎక్కడ ఓడిపోయాడో స్వయంగా రాసిపెట్టాడు. ఆ చరిత్ర ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోవలసినది. ఆదివాసీ ఉపాధ్యాయుడు మరీ తెలుసుకోవలసినది.

1800 జనవరి

దక్షిణ ఫ్రాన్సులో లకోన్ కొండల చుట్టుపక్కల పల్లెల వారికి 1797 ప్రాంతం నుంచి ఒక పిల్లవాడు కనిపిస్తూ ఉండేవాడు. బట్టలు లేవు. దుంపలు తవ్వుకునేవాడు, ఓక్ చెట్ల కాయలు ఏరుకు తినేవాడు. మనుషుల్ని చూస్తే పారిపోయేవాడు. రెండుసార్లు పట్టుకున్నారు, రెండుసార్లూ తప్పించుకున్నాడు. 1800 జనవరిలో, గడ్డకట్టే చలిలో, ఒంటిమీద చొక్కా పీలికలతో అవేరోన్ జిల్లాలోని సెయింట్ సెర్నిన్ ఊళ్లో ఒక అద్దకం పనివాడి ఇంటి దగ్గరికి తనంతట తానే వచ్చాడు. వయసు పదకొండో పన్నెండో ఉంటుంది. ఒళ్లంతా పాత గాయాల మచ్చలు. గొంతు మీద పొడవాటి మచ్చ ఒకటి. ఎవరో చంపబోయి అడవిలో పారేశారేమోనని అప్పటివారు అనుకున్నారు.

బంగాళాదుంపలు ఇస్తే నిప్పుల్లో వేసి, సగం కాలగానే చేత్తో తీసి తినేశాడు. మాట లేదు. అతన్ని రోడెజ్ పట్టణానికి తీసుకుపోతే బొనతేర్ అనే ప్రకృతి శాస్త్రం పంతులు కొన్ని నెలలు గమనించి మొదటి నివేదిక రాశాడు. ఇంతలో సంగతి రాజధాని దాకా వెళ్లింది. నెపోలియన్ తమ్ముడు లూసియన్ బోనపార్టు అప్పుడు హోంమంత్రి వంటి పదవిలో ఉన్నాడు. పిల్లవాణ్ని పారిస్‌కు పంపమని ఆజ్ఞ వేశాడు. 1800 ఆగస్టులో అతన్ని పారిస్‌లోని బధిరుల పాఠశాలలో దించారు.

పారిస్ జనం గుంపులు గుంపులుగా చూడడానికి వచ్చారు. నాగరికత అంటని మనిషి ఎంత గొప్పగా ఉంటాడోనని ఊహించుకొని వచ్చారు. వారికి కనిపించింది, ఒక మూల కూర్చొని ముందుకూ వెనక్కూ ఊగే మురికి పిల్లవాడు. దగ్గరికి వస్తే కరుస్తాడు, రక్కుతాడు. వచ్చినవారు నిరాశపడి వెళ్లిపోయారు. ఊహించుకున్నది వారు. దోషం మాత్రం బిడ్డమీద పడింది.

లేనివాటి జాబితా

ఆ కాలపు పేరుపొందిన మానసిక వైద్యుడు పినెల్. పిచ్చివారిని గొలుసులతో కట్టేసే పద్ధతి పోవాలని పనిచేసిన మంచి మనిషి. ఆయన పిల్లవాణ్ని పరీక్షించి నివేదిక ఇచ్చాడు. చూపు నిలవదు, వినికిడి మీద ధ్యాస లేదు, జ్ఞాపకం లేదు, అనుకరణ లేదు, మాట లేదు. పుట్టుకతోనే బుద్ధి లేనివాడు, బాగుపడడు. ఇదీ సారాంశం.

ఆ నివేదిక గురించి చదివినప్పుడు మాకు మా బడి రిజిస్టర్లు గుర్తుకొచ్చాయి. తెలుగు చదవడం రాదు. కూడికలు రావు. ప్రశ్నకు జవాబు చెప్పడు. సబ్బు వాడడు. వేళకు రాడు. అన్నీ రానివే, లేనివే.

వచ్చినవేమిటో ఎవరూ రాయలేదు. అదే పిల్లవాడు ఫ్రాన్సు కొండల మీద కొన్నేళ్లు ఒంటరిగా బతికాడు. మంచు కురిసే చలికాలాలు దాటాడు. ఏ దుంప తినవచ్చో, ఏది తినకూడదో తెలుసుకున్నాడు. చెవుల వెనక తుపాకి పేల్చినా పట్టించుకోనివాడు, పక్క గదిలో అక్రోటుకాయ చిట్లిన చప్పుడుకు గిరుక్కున తిరిగేవాడు. వినికిడి లేక కాదు. తుపాకి చప్పుడు అతనికి అన్నం పెట్టేది కాదు, కాయ చప్పుడు పెట్టేది. చెవికి ఏది కావాలో దానికి తెలుసు.

ఇటార్ బడి

పినెల్ మాటను ఒప్పుకోనివాడు ఒక్కడున్నాడు. ఆ బధిరుల పాఠశాలకు కొత్తగా వచ్చిన వైద్యుడు జాన్ మార్క్ గాస్పార్ ఇటార్. అప్పటికి వయసు ఇరవై ఆరు. ఈ పిల్లవాడు బుద్ధి లేక ఇలా లేడు, మనుషుల సాంగత్యం లేక ఇలా ఉన్నాడు, నేర్పితే నేర్చుకుంటాడు అన్నాడు. ఆ ఒక్క నమ్మకం చాలు, ఇటార్‌ను మనం గురువుల వరసలో కూర్చోబెట్టడానికి.

బిడ్డను చూసుకోవడానికి మదాం గెరాన్ అనే ఆమెను పెట్టారు. ఆమె వండిపెట్టింది, స్నానం చేయించింది, షికారుకు తీసుకుపోయింది. వేణ్నీళ్ల స్నానాలతో అతనికి వేడికీ చలికీ తేడా తెలిసింది. 'ఓ' అనే శబ్దం వినబడితే తల తిప్పుతున్నాడని గమనించి, చివర ఆ శబ్దం వచ్చేలా విక్టర్ అని పేరు పెట్టారు. ఫ్రెంచి వారి నోట ఆ పేరు 'విక్తోర్' అని పలుకుతుంది.

ఇటార్ అట్టముక్కలతో అక్షరాలు కత్తిరించాడు. రంగురంగుల ఆకారాలు చేసి, వాటికి సరిపోయే గుర్తుల మీద పెట్టడం నేర్పాడు. వస్తువు బొమ్మ పక్కన వస్తువు, ఆ తర్వాత వస్తువు పేరు. ఒక్కొక్క మెట్టు. కొంతకాలానికి విక్టర్ అక్షరాలు పేర్చి పాలు అనే మాట కూర్చాడు. ఒకసారి పాలు పోసే ఇంటికి షికారు వెళుతూ ఆ అక్షరాలు జేబులో వేసుకుపోయి, అక్కడ బల్ల మీద పేర్చి చూపించాడు. ఆ రోజు ఇటార్ ఎంత సంతోషించి ఉంటాడో ప్రతి ఒకటో తరగతి పంతులికీ తెలుసు.

అయితే పాఠాలు పెరిగేకొద్దీ బిడ్డకు కోపాలు వచ్చాయి. అట్టముక్కలు విసిరేసేవాడు, దుప్పట్లు కొరికేవాడు, కింద పడి గిలగిల కొట్టుకునేవాడు. విక్టర్‌కు ఎత్తు అంటే భయమని ఇటార్‌కు తెలుసు. ఒకరోజు అతన్ని నడుము దగ్గర పట్టుకొని మేడ మీద కిటికీ లోంచి తలకిందులుగా వేలాడదీశాడు. లోపలికి తెచ్చాక పిల్లవాడు పాలిపోయి, చెమటలు పట్టి, విసిరేసిన ముక్కలన్నీ ఏరి మళ్లీ సరిగ్గా పేర్చాడు. ఆ తర్వాత మంచం మీద పడి ఏడ్చాడు. అతను కన్నీళ్లు పెట్టడం తాను అదే మొదటిసారి చూశానని ఇటార్ స్వయంగా రాశాడు. భయపెడితే పాఠం వస్తుందని ఇప్పటికీ నమ్మేవారు ఆ కన్నీళ్ల దగ్గర ఒక నిమిషం ఆగాలి.

ఇంకొక సంగతి. బిడ్డకు న్యాయం, అన్యాయం తెలుసా అని ఇటార్‌కు సందేహం వచ్చింది. పాఠం బాగా చేసిన రోజున కావాలనే కోప్పడి, శిక్ష వేసే చీకటి గదిలోకి ఈడ్చాడు. తప్పు చేసిన రోజుల్లో మాట్లాడకుండా శిక్ష పడే విక్టర్ ఆ రోజు తిరగబడ్డాడు. ఇటార్ చేతిని పళ్లు దిగేలా కరిచాడు. ఆ నొప్పిలోనే ఇటార్ ఆనందించాడు. అన్యాయాన్ని గుర్తుపట్టేవాడు పూర్తి మనిషే అని రాసుకున్నాడు.

'లే' అన్న మాట, 'ఏరు' అన్న మాట

ఇటార్‌కు అన్నిటికన్నా కావలసింది బిడ్డ నోట మాట. ఫ్రెంచిలో పాలను 'లే' అంటారు. గ్లాసు ముందు పెట్టి 'లే' అనమని ఎన్నోసార్లు ప్రయత్నించాడు. విక్టర్ అనలేదు. విసుగొచ్చి పాలు పోసేశాక, తాగే సంతోషంలో 'లే' అన్నాడు. ఇటార్‌కు నిరాశ కలిగింది. అడగడానికి వాడితేనే అది భాష, దొరికాక అంటే ఉత్త సంతోషపు కూత అని లెక్క వేసుకున్నాడు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మేము గూడెం నుంచి ఐదుగురం పిల్లలం ఒకేసారి బడిలో చేరాం. మా ఇళ్లలో కోయ తప్ప మరొక మాట లేదు. కోయలో నీళ్లను 'ఏరు' అంటాం. దాహమేసి "ఏరు, ఏరు" అని అడిగితే, పంతులుగారు పారే ఏటికి పోతామంటున్నామని అనుకున్నారు. బడి ఎగ్గొట్టి ఈతకు పోతారా అని గోడ కుర్చీ వేయించారు. ఆయన చెడ్డవాడు కాదు. మా మాట ఆయన చెవికి మాటలా వినబడలేదు, అంతే. ఐదుగురిలో ముగ్గురు ఆ ఏడాదే మానేశారు. వారు ఇప్పుడు పోడు చేసుకుంటున్నారు. వారికి బుద్ధి తక్కువని మేము ఏనాడూ అనుకోలేదు. చెట్టెక్కడంలోనూ, చేపలు పట్టడంలోనూ, లెక్కలోనూ వారు మాకంటే ముందే ఉండేవారు.

చేతుల భాష ఉన్న బడిలో

విక్టర్ కథలో అన్నిటికంటే ఆశ్చర్యం ఒకటుంది. అతన్ని పెట్టింది బధిరుల పాఠశాలలో. ఆ బడి చేతి సైగల భాషకు పేరుపొందినది. చుట్టూ పిల్లలు చేతులతో కబుర్లు చెప్పుకునేవారు, పోట్లాడుకునేవారు, నవ్వుకునేవారు. ఆ బడిలోనే మసియూ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. పుట్టు బధిరుడు, చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడు. చేతుల భాషలో చదువుకొని అక్కడే గురువయ్యాడు.

విక్టర్ కూడా తన సైగలు తానే కల్పించుకున్నాడు. నీళ్లు కావాలంటే పాత్ర తెచ్చి చూపేవాడు. షికారు వేళ అయితే మదాం గెరాన్ బట్టలు తెచ్చి ముందు పెట్టేవాడు. వచ్చిన చుట్టాలు విసిగిస్తే వారి టోపీ, చేతికర్ర, చేతి తొడుగులు తెచ్చి ఇచ్చి మెల్లగా గుమ్మం వైపు తోసేవాడు. ఇది భాష కాకపోతే మరేమిటి? కానీ ఇటార్ నోటి మాట మీదే పట్టుబట్టాడు. పక్కనే ఉన్న చేతుల భాషను ఆ బిడ్డకు నేర్పే ప్రయత్నం చేయలేదు. బిడ్డ తెచ్చుకున్న మాటను పునాది చేసుకోలేదు. ఐదేళ్లకు పైగా కష్టపడి, 1806లో రెండో నివేదిక రాసి, ఆ పాఠాలు ఆపేశాడు.

విక్టర్ మాట్లాడలేదు గానీ, మనసు లేనివాడు కాదు. భోజనాల బల్ల సర్దడం అతని పని. మదాం గెరాన్ భర్త చనిపోయిన రోజు అలవాటు ప్రకారం ఆయన పళ్లెం కూడా పెట్టాడు. అది చూసి ఆమె ఏడ్చింది. విక్టర్ ఆ పళ్లెం తీసి అల్మరాలో పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నడూ పెట్టలేదు. ఒకసారి పారిపోతే పోలీసులు పట్టుకొని కొన్నాళ్లు ఉంచారు. మదాం గెరాన్ రాగానే ఆమెను చూసి మూర్ఛపోయాడు, తేరుకున్నాక సంతోషం పట్టలేకపోయాడు. 1811 నుంచి బడికి దగ్గరలోని చిన్న ఇంట్లో ఆమె దగ్గరే ఉన్నాడు. ప్రభుత్వం ఏడాదికి 150 ఫ్రాంకులు ఇచ్చేది. 1828లో, సుమారు నలభై ఏళ్ల వయసులో చనిపోయాడు. పారిస్ అంతా చూడ్డానికి ఎగబడిన మనిషి పోయిన సంగతి పారిస్‌కు తెలియనే లేదు.

తప్పు అడవిది కాదు

ఇప్పుడు ఆ వెనక బెంచీ నవ్వుకు జవాబు. విక్టర్‌ను అలా చేసింది అడవి కాదు, ఒంటరితనం. అడవిలో అతనికి తల్లి లేదు, మేనమామ లేడు, జోల లేదు, గట్టు లేదు, గోత్రం లేదు, పండగ లేదు. పేరు పెట్టి పిలిచే గొంతు ఒక్కటీ లేదు. మన గూడెంలో పుట్టిన బిడ్డకు ఇవన్నీ ఉన్నాయి. రెండేళ్లకే తన భాషలో అలుగుతుంది, మూడేళ్లకు చుట్టరికాలు చెబుతుంది. అడవిలో ఉండడం వేరు, అడవిపాలు కావడం వేరు. ఈ తేడా తెలియని చదువు ఎంత చదివినా సగమే.

కానీ ఒక భయం మాత్రం నిజం. చుట్టాలు, భాష, పాట ఉన్న బిడ్డను తీసుకొచ్చి, అవేవీ పనికిరాని చోట కూర్చోబెడితే, ఆ బిడ్డను మన చేతులతో మనమే విక్టర్‌ను చేస్తాం. అడవి చేయని పని బడి చేస్తుంది.

మేము కూడా చేశాం. దాచుకోవడం ఎందుకు? ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఒక గుంపు పిల్లవాడు మా తరగతిలో ఉండేవాడు. వాళ్ల కోయకూ మా కోయకూ యాస తేడా. ఏడాదంతా నోరు విప్పలేదు. ఇరవై దాకా లెక్కపెట్టడం రాదని మా చేత్తోనే రాశాం. ఎండాకాలం సెలవుల్లో తునికాకు కల్లం దగ్గర వాణ్ని చూశాం. వాళ్లమ్మ పక్కన కూర్చొని ఆకు కట్టలు కడుతున్నాడు. కట్టకు యాభై ఆకులు. ఐదేసి చొప్పున వేళ్ల సందున జారుస్తూ, చూడకుండానే కడుతున్నాడు. మూడు కట్టలు విప్పి లెక్కపెట్టాం. మూడింటిలోనూ యాభయ్యే. కట్టలు విప్పినందుకు వాళ్లమ్మ మావైపు కోపంగా చూసింది. తన కొడుకు లెక్క మీద ఆమెకు అనుమానం లేదు. అనుమానం మాకే. జూన్‌లో బడి తెరిచాక లెక్కల పాఠం ఆకులతోనే మొదలుపెట్టాం. వాడు లేచి నిలబడి, ఐదుల ఎక్కం తన భాషలో అప్పజెప్పాడు.

వినడం నేర్చుకున్న గురువు

ఇటార్‌కు తోచని దారి తొక్కిన గురువు మన దగ్గరే ఉన్నాడు. ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి గారి ఫోటోకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. వాడుక భాష కోసం పోరాడాడని చెబుతాం. సవరల సంగతి మాత్రం ఒక వాక్యంతో దాటేస్తాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు, సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలి అనుకున్నాడు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. సవరలో వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. కొండల్లో తిరిగినందువల్ల పట్టిన మలేరియాకు క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నాడు. సవరల మాట వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న గురువు ఆయన.

ఆ దారి అక్కడితో ఆగలేదు. 1940లలో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగం 350-ఏ అధికరణ చెబుతోంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, బంజారా, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా – ఈ ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారయ్యాయి. మీ బడి బీరువాలో ఎక్కడో ఉంటే దుమ్ము దులపండి.

విక్టర్ కూడా ఊరికే పోలేదు. ఇటార్ పద్ధతిని అతని శిష్యుడు సెగాన్ మందబుద్ధులనిపించుకున్న పిల్లల కోసం పెంచాడు. ఇద్దరి రాతలనూ ఇటలీలో మరియా మాంటిసోరి చేత్తో అనువదించుకొని మరీ చదివింది. 1907లో రోములోని పేదపేటలో పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇవాళ అంగన్‌వాడీలోనో, ఒకటో తరగతిలోనో పిల్లలు తడిమి నేర్చుకునే అక్షరాలను, కలిపి మాట పేర్చే అట్టముక్కలను చూసినప్పుడు, వాటి వెనక అవేరోన్ అడవి పిల్లవాడి చేతులు ఉన్నాయని గుర్తుంచుకుందాం. తాను మాట్లాడలేకపోయినా లోకంలో ఎందరో పిల్లల చదువుకు దారి వేసిపోయాడు.

ఇటార్ రాసిన వాటిలో మాకు మరపురానిది ఒకటుంది. భోజనం ముగిశాక విక్టర్ గ్లాసుతో మంచినీళ్లు పట్టుకొని కిటికీ దగ్గర నిలబడేవాడట. బయటి పొలాలనూ ఎండనూ చూస్తూ, ఒక్కొక్క గుక్కే తాగేవాడట. పోయిన తన లోకంలోంచి అతనికి మిగిలినవి ఆ రెండే.

మన తరగతిలోనూ కిటికీలోంచి కొండవైపు చూసే పిల్లలుంటారు. ధ్యాస లేదని సుద్దముక్క విసరకండి. దగ్గరికి వెళ్లి ఏం కనబడుతోందో అడగండి, వాళ్ల భాషలో అడగండి. రాకపోతే ఆ ఒక్క ప్రశ్న ముందు నేర్చుకోండి. వాడు 'ఏరు' అంటే, ముందు నీళ్లివ్వండి.